సెప్పాలా, అతని టోగో

స్లెడ్జ్ బండికి హస్కీ కుక్కల్ని కట్టేటప్పుడు చూడాలి, ఒకటే గోల. మొరుగుతాయి, ఎగురుతాయి, పట్టీలు తెగేలా గుంజుతాయి. బండి కదిలిందా, అంతే, గప్‌చుప్! మంచు మీద పాదాల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఆ పరుగునే బతుకు చేసుకున్న మనిషి లియోన్‌హార్డ్ సెప్పాలా.

1877లో నార్వే ఉత్తరపు కొసన పుట్టాడు. తండ్రి కమ్మరి, చేపలు కూడా పట్టేవాడు. బంగారం దొరుకుతోందని 1900లో అలాస్కాలోని నోమ్‌కి వెళ్లాడు. బంగారం సంగతేమో గానీ, అక్కడ అతనికి కుక్కలు దొరికాయి. ధ్రువయాత్రికుడు అముండ్‌సెన్ కోసం తెప్పించిన సైబీరియా హస్కీలు, ఆ యాత్ర ఆగిపోవడంతో ఇతని చేతికొచ్చాయి. 1915, 1916, 1917లో వరసగా మూడేళ్లు అలాస్కాలోకెల్లా పెద్ద పందెం గెలిచాడు.

టోగో చిన్నప్పుడు బక్కప్రాణి, పైగా మహా అల్లరి. పనికిరాదని వేరేవాళ్లకి ఇచ్చేస్తే, కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి, మైళ్ల దూరం పరిగెత్తి తిరిగొచ్చేసింది. తర్వాత అదే జట్టుని నడిపించే కుక్క అయ్యింది.

1925 జనవరి. నోమ్‌లో పిల్లలకి డిఫ్తీరియా సోకింది. మందు నెనానా దాకా రైల్లో వచ్చింది. అక్కణ్నుంచి 674 మైళ్లు కుక్కల బళ్లే దిక్కు. 20 మంది ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ తెచ్చారు. ఎనిమిదేళ్ల కూతుర్ని ఆ ఊళ్లోనే వదిలి సెప్పాలా ఎదురెళ్లాడు. టోగోకి అప్పటికే 11 ఏళ్లు దాటాయి. దారి దగ్గరవుతుందని, ఎప్పుడు పగులుతుందో తెలియని నార్టన్ సౌండ్ సముద్రపు మంచు మీదుగా వెళ్లారు, మందు అందుకుని మళ్లీ దాని మీదుగానే వచ్చారు. రానూపోనూ 260 మైళ్ల పైమాటే. మందుతో వచ్చిన 91 మైళ్లే లెక్కేసినా, అంత దూరం ఇంకెవరూ మోయలేదు.

ఫిబ్రవరి 2 తెల్లవారుజామున చివరి బండి నోమ్ చేరింది. తోలింది గున్నర్ కాసెన్, ముందున్నది బాల్టో. అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో బాల్టోకి విగ్రహం లేచింది.

ప్రాజెక్టంతా ఒకడు చేస్తే, ప్రెజెంటేషన్ ఇచ్చినవాడికి పేరు రావడం మనకి కొత్తేం కాదు కదా! అలాగని కాసెన్ చేసింది తక్కువేం కాదు, తుఫానులో, చీకట్లో వచ్చాడు. బాల్టో కూడా సెప్పాలా పెంచిన కుక్కే. అయినా టోగోకి అన్యాయం జరిగిందన్న బాధ అతన్ని వదల్లేదు.

1929లో టోగో పోయింది. 1967లో, 89వ ఏట, సియాటిల్‌లో సెప్పాలా కన్నుమూశాడు. అతని చితాభస్మాన్ని అలాస్కా తీసుకెళ్లి ఇడిటరాడ్ దారి మీద చల్లారు. కుక్కలు పరిగెత్తే దారి అది.