పీపాలు కొలిచిన చిత్రకారుడు

2019లో అబుధాబి లూవ్ర్ మ్యూజియంలో డచ్ చిత్రాల ప్రదర్శన పెట్టినప్పుడు దుబాయ్ నుంచి సకుటుంబంగా వెళ్ళాను. రెంబ్రాంట్, వెర్మీర్‌ల చిత్రాలు చూసి వచ్చాక ఆ కాలపు ఇతర చిత్రకారుల గురించి చదవడం మొదలుపెట్టాను. అలా పరిచయమైనవాడు మైండర్ట్ హొబ్బెమా. ఆయన గీసిన ఒక అడవి అంచు ఇప్పుడు నా కంప్యూటర్ తెర మీద ఉంటుంది. ముందు నీడ కమ్మిన పెద్ద చెట్లు, వాటి సందుల్లోంచి దూరాన ఎండ పడ్డ నేల, మలుపు తిరిగే బాట. రోజూ ఇసుక చూసే కళ్ళకు అదో చలవ.

హొబ్బెమా 1638లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. 1605లోనే మా బందరు రేవుకు వచ్చిన డచ్ కంపెనీవారు అప్పటికి మన అద్దకం బట్టలు ఓడలకెక్కించి బాగా గడిస్తున్నారు. ఆ సంపద ఈ పిల్లవాడి దాకా రాలేదు. 1653లో తమ్ముడు, చెల్లెలితో కలిసి అనాథాశ్రమం చేరాడు. ఆ తరువాత ప్రకృతి దృశ్యాల్లో మేటి అయిన యాకోబ్ ఫాన్ రౌస్డాల్ దగ్గర శిష్యరికం చేశాడు. గురువు గీసిన అడవి గంభీరంగా ఉంటుంది. శిష్యుడి అడవిలోకి ఎండ వస్తుంది.

1668లో, ముప్ఫయ్యో ఏట, నగర మేయర్లలో ఒకరి ఇంట వంట చేసే ఏల్త్యేను పెళ్ళాడాడు. ఆ రోజుల్లోనే సుంకాల శాఖలో ఉద్యోగం దొరికింది. విదేశాల నుంచి వచ్చే ద్రాక్షసారా పీపాలను కొలిచి, ఆమ్‌స్టర్‌డామ్ కొలతల్లో లెక్క కట్టడం పని. చివరిదాకా అదే ఉద్యోగం. బొమ్మలు బాగా తగ్గిపోయాయి.

ఇక్కడికి వచ్చేసరికి నాకు ముందుకు చదవబుద్ధి కాలేదు. ఇంజనీరింగ్ రోజుల్లో నోట్సు వెనక పేజీల నిండా చెట్లు గీసేవాణ్ణి. ఉద్యోగం, పెళ్ళి, వీసా వచ్చాక మళ్ళీ పెన్సిల్ పట్టలేదు. మనలో చాలామందికి ఇలా అటకెక్కిన పాటో, వీణో, నాటకమో ఉండే ఉంటుంది.

కానీ 1689లో, యాభై దాటాక, పీపాలు కొలుస్తూనే హొబ్బెమా మిడెల్‌హార్నిస్ ఊరి బాటను గీశాడు. సన్నగా, పొడుగ్గా ఎదిగిన చెట్ల వరుసల మధ్య తిన్నగా సాగే మట్టిదారి. ఆయన చిత్రాలన్నిటిలో దానికే ఎక్కువ పేరు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1709లో పోయినప్పుడు మాత్రం పేదల సమాధుల్లో పూడ్చారు. కీర్తి ఆ తరువాతి తరాల్లో వచ్చింది.

మొన్న మా అమ్మాయి డ్రాయింగ్ పుస్తకంలోంచి ఒక ఖాళీ కాగితం అడిగి తీసుకున్నాను. మా వీధి చివరి గాఫ్ చెట్టు గీశాను. కొమ్మలు కుదరలేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ ప్రయత్నిస్తాను.