తిరుత్తణి నుండి రాజ్యసభ వఱకు: డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్

మన తిరుత్తణి పేరు దేశమంతటను వినబడుటకు సుబ్రహ్మణ్యస్వామి కొండ యొక కారణము. 1888 సెప్టెంబరు 5వ తేదీన ఇక్కడ జన్మించిన రాధాకృష్ణన్ గారు రెండవ కారణము. తండ్రి వీరాస్వామిగారు జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మగారు. ఇంటి పేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిది. ఇంటి భాష తెలుగు. ఆనాడు మన ఊరు ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. 1911లో చిత్తూరు జిల్లాలో చేరెను. 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమునకు వచ్చెను. ఆయన చదివిన తిరుపతి నేడు ఆంధ్రప్రదేశమున నున్నది. వాలాజాపేట, వేలూరు, మదరాసు తమిళనాట నున్నవి. ఎల్లలు మాఱినవి గాని ఆ బాలుడు నడచిన త్రోవ మాఱలేదు.

ఆయన తత్త్వగ్రంథములను గూర్చి పెద్దలు పెక్కుమంది వ్రాసిరి. మేము చెప్పదలచినది వేఱు. మన సంప్రదాయమున గురువు మాటకు ఎదురు లేదు. నూతన సంస్థలలోనో, అధికారము పలువురి చేతులలో నుండును. గురుపీఠమునకు అలవాటుపడిన ఈ మహనీయుడు అట్టి సంస్థల నెట్లు నడిపెను?

1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడై, 1918లో మైసూరు చేరిరి. 1921లో కలకత్తాకు బయలుదేరినపుడు మైసూరు విద్యార్థులు ఆయన బండిని తామే లాగి రైలుస్టేషనునకు చేర్చిరి. గురువుగా ఆయన కిది చాలును.

1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులైరి. వారికి ముందు ఆ పదవిలో నుండినవారు మన పొరుగువారే, చిత్తూరు చెంత కట్టమంచికి చెందిన రామలింగారెడ్డిగారు. ప్రభుత్వ దమననీతిని నిరసించి 1930లో రాజీనామా చేసియుండిరి. వాల్తేరున అప్పటికి పరిషత్తు పసిబిడ్డ. రాధాకృష్ణన్ గారు జయపురాధీశుడైన విక్రమదేవవర్మగారి దానమును విజ్ఞానశాస్త్ర కళాశాలకు మళ్లించిరి. పూర్వము రాజులు సత్రములు కట్టించిరి. ఈ రాజుగారి ధనముచే ప్రయోగశాలలు లేచినవి. అధ్యాపకులుగా వంగదేశమునుండి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువకులను రప్పించిరి. ముఖర్జీగారు పిదప కమ్యూనిస్టు నాయకులైరి. తన మతము కానివారిని, తన తత్త్వమున కెదురు నిలుచువారిని ఏరి తెచ్చుకొనుట అందఱు పెద్దలును చేయు పని కాదు.

కాశీలో పరీక్ష కఠినమైనది. హిందూ విశ్వవిద్యాలయమును స్థాపించి, దాదాపు ఇరువదియేండ్లు నడపిన మాలవ్యాగారి స్థానమున 1939లో కూర్చుండవలసివచ్చెను. స్థాపకుని మాట శాసనమగును. తరువాత వచ్చినవానికి అట్టి చనువుండదు. 1942 ఉద్యమకాలమున గవర్నరు హాలెట్ విద్యాలయమును యుద్ధ వైద్యశాలగా మార్చదలచెను. రాధాకృష్ణన్ గారు ఢిల్లీ వెళ్లి వైస్రాయికి నచ్చజెప్పి ఆ ప్రయత్నమును ఆపించిరి. ప్రభుత్వ ద్రవ్యము నిలిచిపోగా, మాలవ్యాగారివలెనే దాతల వాకిళ్లకు వెళ్లిరి.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. 1939 మొదలు 1941 వఱకు ఆయన కలకత్తా ఆచార్యపదవిని వదలక కాశీని నడిపిరి. 1948లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన పదిమంది విశ్వవిద్యాలయ విద్యాసంఘము మఱుసటి యేట తన నివేదికలో, ఉపాధ్యక్షుడు పూర్తికాలపు ఉద్యోగిగా నుండవలెనని సూచించినది! స్వానుభవమే ఆ సూచనకు కొంత మూలమని మా ఊహ. సెనేటు, కార్యనిర్వాహక మండలి, విద్యామండలి, ఆర్థిక సంఘము అని అధికారమును పంచినదియు ఆ నివేదికయే. జాకీర్ హుసేన్, మేఘనాద సాహాగార్లతోపాటు అమెరికా, ఇంగ్లండు దేశస్థులును ఆ సంఘమున నుండిరి.

1952 మే నెలలో రాజ్యసభ తొలిసారి కూడినపుడు, ఉపరాష్ట్రపతిగా అధ్యక్షపీఠము నెక్కిరి. అధ్యక్షునకు వోటు లేదు. ఇరుపక్షములు సమముగా నున్నపుడే యుండును. పదియేండ్లు ఆ పీఠము నలంకరించిరి. సభను కుటుంబ సమావేశమువలె నడిపిరని నెహ్రూగారు మెచ్చుకొనిరి. మాకు తోచునది యిది: కుటుంబపెద్ద తీర్పు చెప్పును, రాధాకృష్ణన్ గారు పెద్దఱికమును నిలుపుకొని, తీర్పును సభకు విడిచిరి. ఆయన చేత మిగిలినది ఓర్పు. పాఠశాల సంఘముల సమావేశములలో గంటల కొలది కూర్చున్న తల్లిదండ్రులకు అదెంత కష్టమో తెలియును.

1962లో రాష్ట్రపతియైరి. 1967లో, పదవి వీడుటకు కొలది నెలల ముందు, గణతంత్ర దినోత్సవ సందేశమున ప్రభుత్వ అసమర్థతను బాహాటముగా విమర్శించిరి. పిమ్మట మదరాసు మైలాపూరులోని గిరిజ అను తమ గృహమున విశ్రమించి, 1975 ఏప్రిల్ 17న కన్నుమూసిరి. ఆ యింటి ముందరి ఎడ్వర్డు ఇలియట్సు రోడ్డునకు తరువాత ఆయన పేరే పెట్టిరి.