చిత్తజల్లు పుల్లయ్య

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున ల్యూమియేర్ సోదరులు కదలెడు బొమ్మలను తెరపై చూపి జనులను ఆశ్చర్యపరచిరి. చలనచిత్రము అట్లు లోకమునకు పరిచయమైన మూడేండ్లకు, 1898లో, కాకినాడ పట్టణమున చిత్తజల్లు పుల్లయ్య జన్మించెను. తెలుగుదేశమున ఆ విద్యకు తొలిబాటలు వేసినవారిలో ఆయన ఒకడు.

పుల్లయ్య యౌవనమున నున్నపుడు మన పట్టణములలో సినిమా ఇంకను వింతగనే యుండెను. బెజవాడలో 1921లో మారుతి అను ప్రదర్శనశాల వెలసినది. ఆ కాలముననే, బందరు వాస్తవ్యుడగు రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ చెన్నపట్టణమున చిత్రనిర్మాణశాలను స్థాపించి, భీష్మప్రతిజ్ఞ యను మూకచిత్రమును నిర్మించిరి. ప్రకాశ్ విదేశములకు పోయి ఈ విద్య నేర్చి వచ్చినవాడు. పుల్లయ్య చదువు చాలించి ఆయనకడ సహాయకుడుగ చేరెను. నాటకములాడువారినే చిన్నచూపు చూచు ఆ దినములలో, స్థిరమైన ఉద్యోగము నాశింపక సినిమాను నమ్ముకొనుట సాహసమే.

కొంతకాలమునకు పుల్లయ్య కాకినాడకు తిరిగివచ్చెను. స్వయముగ నొక చిత్రము తీయవలెనని ఆయన కోరిక. కాని కాకినాడలో చిత్రనిర్మాణశాల ఎక్కడిది? అద్దముల పైకప్పుగల మందిరములు కట్టుటకు ధనమెక్కడిది? వేరొకడైనచో అనుకూలకాలమునకై వేచియుండును. పుల్లయ్య వేచియుండలేదు. తన యింటినే చిత్రశాలగ చేసికొనెను. 1926 ప్రాంతమున మార్కండేయుని కథను అక్కడనే చిత్రించి, యముని వేషమును తానే ధరించెను.

ఆ కాలపు పనిముట్లను తలచుకొన్నచో ఆ యత్నములోని కష్టము తెలియును. కెమెరాను చేతితో త్రిప్పవలెను. చేయి తడబడినచో తెరపై మనుష్యులు పరుగులెత్తినట్లో, నత్తనడక నడచినట్లో కనిపింతురు. సెకనుకు 16 బొమ్మల చొప్పున తీసినచో నిమిషమునకు 60 అడుగుల ఫిలిము ఖర్చగును. విదేశములనుండి రావలసిన ఆ ఫిలిములో ఒక్క అడుగు చెడినను నష్టమే. దీపములు లేనిచోట సూర్యుడే దిక్కు; మబ్బు పట్టినచో పని ఆగును.

చిత్రమును తీయుట సగము పని. కూర్చుట మిగిలిన సగము. ఫిలిమును కత్తెరతో కత్తిరించి, అంచున పూతను గీకివేసి, జిగురుతో మరొక ముక్కకు అతికింపవలెను. ఈ పనికి గొప్ప యంత్రములు అక్కరలేదు. నిలుకడగల చేయి, ఆలోచించు మనస్సు కావలెను. ఉదాహరణకు మూడు ముక్కలున్నవనుకొనుడు: ఒకదానిలో పాశము, రెండవదానిలో బాలుని ముఖము, మూడవదానిలో శివలింగము. ఈ వరుసలో అతికించినచో, భయపడిన బాలుడు దేవుని శరణు చొచ్చినట్లుండును. లింగమును ముందుంచి పాశమును చివరకు చేర్చినచో, పూజలోనున్న బాలునిపై ఆపద వచ్చిపడినట్లుండును. బొమ్మలు అవియే, వరుస మారగనే అర్థము మారినది.

మాయలు కూడ ఇట్టి సులభోపాయములచేతనే సాధ్యమయ్యెడివి. కెమెరాను కదపక త్రిప్పుట నిలిపి, నటుని ప్రక్కకు పంపి, మరల త్రిప్పినచో తెరపై అతడు అదృశ్యుడగును. ఫ్రాన్సు దేశమున మేలియే అను ఇంద్రజాలికుడు ఈ కిటుకును ఎన్నో చిత్రములలో వాడెను. మనదేశమున దాదాసాహెబు ఫాల్కే 1912లో కుండలోని బఠానీ మొక్కను అనేకదినములు కొంచెము కొంచెముగ చిత్రించి, మొలక పెరిగి తీగయగుటను కొద్దిసేపటిలో చూపెను. మరుసటి ఏడు వెలువడిన ఆయన రాజా హరిశ్చంద్ర చిత్రమునకు, ఫిలిము అంచులలో రంధ్రములు చేయుట మున్నగు పనులలో భార్య సరస్వతీబాయి తోడ్పడెను. గొప్ప కళకు ఇల్లే తొలి కార్యశాల యగుట పుల్లయ్య విషయముననే కాదు.

ఇంటిలో ఆరంభమైన కృషి ఇంటిలోనే నిలిచిపోలేదు. సినిమాకు మాటలు వచ్చిన పిమ్మట పుల్లయ్య కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున 1933లో సావిత్రిని, 1934లో లవకుశను తీసెను. లవకుశను చూచుటకు పల్లెప్రజలు బండ్లు కట్టుకొని పట్టణములకు తరలివచ్చిరి. 1936లో బాలబాలికలనే నటులుగ చేసి సతీ అనసూయ, ధ్రువవిజయము అను చిత్రములను నిర్మించెను. 1939నాటి వరవిక్రయములో భానుమతిని, 1947నాటి గొల్లభామలో అంజలీదేవిని ప్రేక్షకులకు పరిచయము చేసెను.

వార్ధక్యమున ఆయనకు కఠినపరీక్ష ఎదురయ్యెను. లవకుశను రంగులలో మరల తీయ నారంభింపగా, ధనాభావముచే పని కొన్నియేండ్లు నిలిచిపోయెను. ఈలోపల లవకుశులుగ నటించు బాలురు ఎదిగిరి. పుల్లయ్య ఆరోగ్యము క్షీణించెను. అంతట కుమారుడు సి. ఎస్. రావు ఆ భారము వహించి, వేర్వేరు ఏండ్లలో తీసిన భాగములను ఒక్క కథగ సంధించి పూర్తిచేసెను. 1963లో విడుదలయైన ఆ చిత్రము తెలుగులో సంపూర్ణముగ రంగులలో వచ్చిన మొదటి చిత్రమై అఖండవిజయము నొందెను. 1967లో పుల్లయ్య పరమపదించెను.

నేడు విజయవాడ బెంజ్ సర్కిల్‌వద్ద నిలిచిన విద్యార్థి, వచ్చిపోవు వాహనములను చేతిఫోనులో చిత్రించి, ఇంటికి పోయి పైసా ఖర్చులేక కత్తిరించి కూర్చుకొనగలడు. ఎండకై వేచియుండ నక్కరలేదు. ఫిలిము వ్యర్థమగునను భయము లేదు. అయినను ఏ ముక్క ఉంచవలెను, ఏది తీసివేయవలెను, దేని తరువాత దేనిని చేర్చవలెను అను విచారణ మాత్రము యంత్రము చేసిపెట్టునది కాదు. లేనివాటికై చింతింపక, ఉన్న యింటితో, ఉన్న వెలుతురుతో పని నారంభించిన పుల్లయ్య జీవితము ఆ విచారణకు పూనుకొనువారికి మార్గదర్శకము.