మందకు ముందు నిలిచిన కొమరయ్య

కోతలయిన పొలంలో రాత్రిపూట గొర్రెల మంద పెట్టించడం మన తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. మంద పడుకుంటుంది గానీ కాపరికి నిద్ర ఉండదు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చెవి మాత్రం చీకటి వైపు.

ఈ పనిని చూసే పూర్వులు నాయకుడికి కాపరి అని పేరు పెట్టారు. బాబిలోను రాజు హమ్మురాబి తన శాసనంలో తనను కాపరిగానే చెప్పుకున్నాడు. మందను మేపక తమ కడుపు నింపుకునే పెద్దలను యెహెజ్కేలు ప్రవక్త గద్దించాడు. హజ్రత్ మూసా మద్యన్‌లో, హజ్రత్ దావూద్ చిన్నతనంలో, మన ప్రవక్త (స) మక్కాలో గొర్రెలు కాచినవారే. అందుకే ఈ సంచికలో ఒక గొర్రెల కాపరుల బిడ్డ జీవితాన్ని మన పిల్లలకు చెప్పదలిచాము. ఆయన దొడ్డి కొమరయ్య.

కొమరయ్య 1927లో కడవెండి గ్రామంలో కురుమ కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. చుట్టుపక్కల విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం. ఆయన కింద 40,000 ఎకరాలుండేవని చరిత్ర రాసినవారు చెబుతారు. వెట్టిచాకిరీ, లెవీ ధాన్యం, భూముల గుంజుకోలు, ఇవీ ప్రజల బాధలు. కాపాడవలసిన చెయ్యే మేత లాక్కుంటే మంద ఎవరితో చెప్పుకోవాలి?

అదే దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, తన భూమి కోసం కోర్టుకెక్కిన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ అంతకు కొన్నేళ్ళ ముందే హత్యకు గురయ్యాడు. ఆయన సమాధి దగ్గర నేటికీ ప్రజలు తలవంచుతారు.

ఆంధ్ర మహాసభ సంఘం కడవెండికి వచ్చినప్పుడు కొమరయ్య, ఆయన అన్న మల్లయ్య అందులో చేరారు. 1946 జూలై 4న దేశ్‌ముఖ్ మనుషుల దౌర్జన్యానికి నిరసనగా ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని ఊరేగింపు తీసింది. గడీ వైపునుంచి తుపాకులు పేలాయి. ముందు వరుసలో ఉన్న కొమరయ్య అక్కడే నేలకొరిగాడు. మల్లయ్య గాయపడ్డాడు. కొమరయ్యకు అప్పటికి పందొమ్మిదేళ్ళే.

తుపాకికి మంద చెదిరిపోతుందని గడీవాళ్ళు అనుకొని ఉంటారు. జరిగింది వేరు. జనం వెనక్కి పోకుండా గడీ మీదికే నడిచారు. ఊరూరా సంఘాలు లేచాయి. ఆ కదలికే తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమై 1951 దాకా సాగింది.

కొమరయ్యకు పదవి లేదు, ఆస్తి లేదు, పెద్ద చదువూ లేదు. ఆపద వచ్చినప్పుడు ఎక్కడ నిలబడాలో మాత్రం తెలుసు. బందగీ ముస్లిం, కొమరయ్య కురుమ. ఇద్దరినీ తిన్న తోడేలు ఒక్కటే.

మన సంఘంలో కూడా ఏటా పెద్దలను ఎన్నుకుంటాము, కుర్చీలు వేస్తాము, దండలు వేస్తాము. మంచిదే. కానీ వితంతువు ఇంట్లో పొయ్యి వెలిగిందా, అనాథ పిల్లవాడు బడికి పోయాడా అని రాత్రిపూట కూడా చెవి అటు పెట్టేవాడే కాపరి. ఇబ్రహీంపట్నంలో మనలో ప్రతి ఒక్కరమూ ఏదో ఒక చిన్న మందకు జవాబుదారులమే. ఆ లెక్క అల్లాహ్ దగ్గర అప్పచెప్పవలసిన రోజు ఉందని మరువకుందాము.