తుడిచివేయలేని ఇంటిపేరు: క్లౌస్ ఫాన్ స్టౌఫెన్‌బెర్గ్

వెండి రంగు డాలు, మధ్యలో అడ్డంగా ఎర్రని పట్టీ, దానికి పైన ఒకటి, కింద ఒకటి నడుస్తున్న నీలి సింహాలు. దక్షిణ జర్మనీలోని స్వాబియా ప్రాంతానికి చెందిన షెంక్ ఫాన్ స్టౌఫెన్‌బెర్గ్ వంశచిహ్నమిది. షెంక్ అంటే ప్రభువుకు పానపాత్ర అందించే అధికారి. 13వ శతాబ్దంలో ఈ వంశీకులు త్సోలెర్న్ ప్రభువుల కొలువులో ఆ పదవి నిర్వహించారు. కాలక్రమంలో పదవి పేరే ఇంటిపేరులో కలిసిపోయింది.

ఈ వంశంలో 1907 నవంబరు 15న బవేరియాలోని యెట్టింగెన్‌లో క్లౌస్ జన్మించారు. తండ్రి ఆల్ఫ్రెడ్ వుర్టెంబెర్గ్ రాజు ఆస్థానంలో ఉన్నతాధికారి. 1918లో జర్మనీలో రాజరికం అంతరించింది. కొలువు పోయినా, దేశసేవ తమ వంశధర్మమన్న భావన ఆ ఇంట నిలిచింది. 1926లో క్లౌస్ బాంబెర్గ్‌లోని అశ్వికదళంలో చేరారు.

నాజీ పాలనను ఆయన మొదట వ్యతిరేకించలేదు. తొలినాటి సైనిక విజయాలకు సంతోషించారు కూడా. అయితే తూర్పు రణరంగంలో యూదుల, యుద్ధఖైదీల సామూహిక హత్యల సంగతి తెలిశాక, 1942 నాటికి ఆ పాలనను కూలదోయక తప్పదన్న నిర్ణయానికి వచ్చారు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో జరిగిన వైమానిక దాడిలో ఎడమ కన్ను, కుడి చేయి, ఎడమచేతి రెండు వేళ్లు కోల్పోయారు.

1944 జులై 20న తూర్పు ప్రష్యాలోని హిట్లర్ స్థావరంలో, సమావేశ గదిలో ఆయన బాంబు ఉంచారు. మిగిలిన మూడు వేళ్లతోనే దానిని సిద్ధం చేయవలసి వచ్చింది. వ్యవధి చాలక, తెచ్చిన రెండు పేలుడు పొట్లాలలో ఒక్కదానినే అమర్చగలిగారు. పేలుడులో నలుగురు మరణించారు. హిట్లర్ ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ రాత్రే బెర్లిన్‌లోని సైనిక కార్యాలయ ప్రాంగణంలో క్లౌస్‌ను కాల్చి చంపారు.

ప్రతీకారం అంతటితో ఆగలేదు. ఆ వంశాన్నే నిర్మూలిస్తామని హిమ్లర్ ప్రకటించాడు. ఆగస్టు 10న అన్న బెర్తోల్డ్‌ను ఉరితీశారు. గర్భవతి అయిన భార్య నీనాను నిర్బంధించి, రావెన్స్‌బ్రుక్ శిబిరానికి పంపారు. 1945 జనవరిలో ఆమె నిర్బంధంలోనే ఆడపిల్లను ప్రసవించారు. మిగిలిన నలుగురు పిల్లలను బాద్ జాక్సాలోని పిల్లల గృహానికి తరలించి, వారి ఇంటిపేరును మైస్టర్‌గా మార్చారు.

కొద్ది నెలలకే నాజీ పాలన కూలిపోయింది. తల్లీపిల్లలు తిరిగి కలుసుకున్నారు, తమ పేరుతోనే జీవించారు. పెద్దకుమారుడు బెర్తోల్డ్ పశ్చిమ జర్మనీ సైన్యంలో జనరల్ అయ్యారు. క్లౌస్ నేలకొరిగిన ఆ ప్రాంగణం ముందున్న వీధి నేడు స్టౌఫెన్‌బెర్గ్ పేరుతోనే ఉంది.