చెంచాలో వ్యాధిని చూసిన వైద్యుడు రిచర్డ్ బ్రైట్

యునానీ హకీములు రోగి ఖారూరా చూసి, అంటే మూత్రం రంగును, చిక్కదనాన్ని, అడుగున చేరిన మడ్డిని పరిశీలించి రోగి స్థితిని అంచనా వేసేవారు. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో ఈ పరీక్షను వివరంగా చర్చించారు. అయితే మూత్రంలో కనిపించే ఒక గుర్తుకూ, చెడిపోయిన మూత్రపిండాలకూ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా నిరూపించిన ఘనత ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ బ్రైట్‌కు దక్కింది.

ఆయన 1789 సెప్టెంబరు 28న బ్రిస్టల్ నగరంలో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి 1813లో పట్టా పుచ్చుకున్నారు. ఐస్‌లాండ్, హంగరీ దేశాలలో పర్యటించారు. చూసినదాన్ని వెంటనే రాసిపెట్టడం, బొమ్మ గీసుకోవడం ఆయన అలవాటు. 1820లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో చేరాక ఆ అలవాటే ఆయనకు అక్కరకు వచ్చింది.

ఆ రోజుల్లో ముఖం ఉబ్బి, కాళ్ళకు నీరు దిగితే ఆ వాపునే అసలు రోగమని భావించేవారు. బ్రైట్ అలాంటి రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై వేడిచేసేవారు. కొందరిలో అది కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. అది అల్బుమిన్ అనే మాంసకృత్తు. ఇతరులు కూడా అంతకుముందే దానిని గమనించారు. కానీ ఆ రోగులు మరణించాక శవపరీక్ష చేసి, వారి మూత్రపిండాలు చెడిపోయి ఉన్నాయని బ్రైట్ 1827లో ప్రకటించారు. రసాయన పరీక్షలలో జాన్ బోస్టాక్ ఆయనకు తోడ్పడ్డారు.

ఆయన అంతటితో ఆగలేదు. వాపు తగ్గగానే రోగి కోలుకున్నానని ఇంటికి వెళ్ళిపోయేవాడు. కానీ మూత్రంలో అల్బుమిన్ పోకపోతే వ్యాధి లోపల సాగుతూనే ఉందని, మళ్ళీ తిరగబెడుతుందని బ్రైట్ గ్రహించారు. 1836లో నూరుమంది రోగుల వివరాలను పట్టికగా ప్రచురించారు. ఈ రోగులలో చాలామందికి గుండె పెరగడాన్నీ గుర్తించారు. 1842లో 42 పడకల వార్డులను కొంతకాలం కేవలం ఈ రోగులకే కేటాయించారు.

రాబోయే ముప్పును ఆయన చెప్పగలిగారు కాని ఆపలేకపోయారు. నెత్తురు తీయడం, విరేచనాల మందులు, అప్పటి చికిత్స అంతే. 1858 డిసెంబరు 16న బ్రైట్ గుండె జబ్బుతో కన్నుమూశారు. ఆ వ్యాధి చాలాకాలం ఆయన పేరుతోనే పిలవబడింది.

నేడు వైద్యులు అదే గుర్తును కొలిచి లెక్కకడుతున్నారు. వయసు, స్త్రీయా పురుషుడా అన్నది, మూత్రపిండాల వడపోత శక్తి, మూత్రంలో అల్బుమిన్ పాళ్ళు - ఈ నాలుగు వివరాలతో రెండేళ్ళలో, ఐదేళ్ళలో కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే అవకాశం ఎంతో అంచనా వేసే సూత్రం 2011లో వెలువడింది. బ్రైట్ కాలంలో లేనివి నేడున్నాయి. రక్తపోటును, చక్కెరను అదుపుచేసి, అల్బుమిన్ పోవడాన్ని తగ్గించే మందులున్నాయి. డయాలిసిస్‌కు ముందుగా సిద్ధపడే వ్యవధి ఉంది.

ఒక జాగ్రత్త అవసరం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో అల్బుమిన్ తక్కువగా ఉండవచ్చు. కనుక మూత్ర పరీక్షతో పాటు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించాలి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వాపు వచ్చేదాకా ఆగకుండా ఏటా ఈ రెండు పరీక్షలు చేయించుకోవాలి. వాపు తగ్గిందని మందులు మానేవారికి బ్రైట్ జీవితం ఒక హెచ్చరిక.