గదికి లెక్క నేర్పిన లెక్చరర్ – వాలెస్ సబీన్

వేలు పోసి స్పీకర్లు కొంటాం. దుకాణంలో కమ్మగా పలికిన పెట్టె మన ఇంట్లో పెట్టేసరికి కుండలో తల దూర్చి పాడినట్టు మోగుతుంది. పెట్టెను తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు పెట్టెది కాదు, గదిది. ఈ సంగతిని లెక్క కట్టి నిరూపించిన మహనీయుడు వాలెస్ క్లెమెంట్ సబీన్.

ఆయన 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, రిచ్‌వుడ్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. పద్దెనిమిదేళ్ళకే పట్టభద్రులై హార్వర్డ్ చేరి, అక్కడే భౌతికశాస్త్ర బోధకులయ్యారు. డాక్టరేట్ మాత్రం ఎన్నడూ తీసుకోలేదు.

1895లో హార్వర్డ్‌కు ఒక చిక్కు వచ్చిపడింది. కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియం ఉపన్యాసశాలలో ఒక్క మాట అంటే అది అయిదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేది. ముందు మాట ఆరకముందే వెనక మాటలు వచ్చి మీదపడేవి. లెక్చరర్ ఏం చెబుతున్నాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. దీన్ని బాగుచేసే పనిని అధ్యక్షుడు ఎలియట్ ఈ యువకుడికి అప్పగించారు.

సబీన్ దగ్గర మైక్రోఫోన్ లేదు. ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, రెండు చెవులు, అంతే. ఊరు మాటుమణిగాక ఇద్దరు సహాయకులతో కలిసి పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చేవారు. కొన్ని పరచడం, గొట్టం ఊదడం, శబ్దం ఆరేదాకా కాలం కొలవడం. మరికొన్ని పరచి మళ్ళీ కొలవడం. తెల్లారేలోగా మెత్తలన్నీ తిరిగి థియేటర్‌కు చేరాలి! తన ఒంటిమీది బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తున్నాయని తేలినప్పుడు, అంతవరకు తీసిన వేలాది కొలతలను పారేసి మళ్ళీ మొదలుపెట్టారు.

1898లో సూత్రం దొరికింది. గది ఘనపరిమాణం పెరిగితే మోత ఎక్కువసేపు నిలుస్తుంది. శబ్దాన్ని పీల్చుకునే వస్తువులు పెరిగితే త్వరగా ఆరుతుంది. ఆ లెక్క ధైర్యంతోనే బోస్టన్ సింఫనీ హాల్‌కు సలహా ఇచ్చారు. 1900 అక్టోబర్ 15న అది తెరుచుకున్నప్పుడు కొందరు విమర్శకులు పెదవి విరిచారు. కానీ నేడు ప్రపంచంలోని ఉత్తమ సంగీతశాలల్లో అదొకటి.

ఇప్పుడు మైక్రోఫోన్‌తో గదిని కొలిచి స్పీకర్‌ను సరిదిద్దే డిజిటల్ యంత్రాలు వచ్చాయి. ఉబ్బిన బాస్‌ను అవి చక్కగా అణుస్తాయి. బోసి గోడల మధ్య మోతను మాత్రం తుడిచెయ్యలేవు. గోడ తాకి వచ్చిన అల అసలు అలను చంపేసే చోట శబ్దాన్ని ఎంత పెంచినా దండగే. స్పీకరో, కుర్చీయో జరపాల్సిందే. అందుచేత దిద్దుబాటు కుదరలేదనిపిస్తే ఫాన్ ఆపి, మైక్రోఫోన్‌ను కూర్చునే చోట చెవి ఎత్తులో ఉంచి మళ్ళీ కొలవాలి. స్పీకర్‌ను మూలనుంచి ఇవతలికి లాగాలి, తివాచీ, తెరలు వెయ్యాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, చేసిన ప్రతిసారీ కొలవాలి. ఇదంతా సబీన్ పద్ధతే.

1919 జనవరి 10న, యాభై ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. శబ్దాన్ని పీల్చే శక్తికి ఆయన పేరుతోనే సబిన్ అనే కొలమానం ఏర్పడింది. మిత్రులారా, మన లాబొరేటరీలో పరికరం లేదని నిట్టూర్చేముందు, అర్ధరాత్రి మెత్తలు మోసిన ఆ లెక్చరర్‌ను ఒక్కసారి తలుచుకుందాం.